రూవీలో నాలుగు శుక్రవారాలు

నేను పదహారేళ్ళు మస్కట్‌లో ఒక తెలుగు క్రైస్తవ సంఘానికి కాపరిగా పనిచేశాను. చీరాల నుంచి వెళ్ళాను, చీరాలకే తిరిగి వచ్చాను. ఎన్ని బాప్తిస్మాలిచ్చానో, వీడ్కోలు సభలో ఎవరెవరు శాలువాలు కప్పారో ఇందులో రాయను. అవన్నీ సంఘం రిజిస్టర్లలో ఉన్నాయి. చదివితే నాకే ఆవులింతలొస్తాయి.

గల్ఫ్‌లో పరిచర్యకి వెళ్ళబోయే కుర్ర కాపరులు అప్పుడప్పుడూ ఇంటికొచ్చి, "అయ్యగారూ, అక్కడ పనెలా ఉంటుంది?" అని అడుగుతుంటారు. ఎండ సంగతి, వీసా సంగతి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను చేసిన రెండు తప్పులూ, వాటి నుంచి బయటపడిన తీరూ చెప్పేవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని రాస్తున్నాను.

అక్కడి పని

మాకు శుక్రవారమే ఆదివారం. మస్కట్‌లోని రూవీ పేటలో చర్చి ప్రాంగణం ఒకటే, హాలు ఒకటే. పొద్దున ఏడింటికి మలయాళీలు, తొమ్మిదింటికి తమిళులు, పదకొండింటికి మేము, సాయంత్రం ఇంగ్లీషువాళ్ళు. తమిళుల చివరి పాట అయ్యేలోపే మావాళ్ళు గుమ్మం దగ్గర చెప్పులు విప్పేవాళ్ళు. అల్ ఖువైర్‌లో ఆఫీసు ఉద్యోగాలున్నవాళ్ళు కార్లలో వచ్చేవాళ్ళు. నిజ్వా, ఇబ్రి నుంచి వచ్చేవాళ్ళు తెల్లవారుజామునే బస్సెక్కి, ఆరాధనలో మొదటి ప్రార్థనకే కునుకు తీసేవాళ్ళు. వాళ్ళని నేనెప్పుడూ లేపలేదు. వారమంతా సైట్‌లో ఎండకి మాడిన మనిషికి చల్లటి గదిలో అరగంట నిద్ర కూడా దేవుడిచ్చిందే.

ప్రసంగం మన పనిలో పదోవంతు. మిగతాదంతా వినడం. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. సెమినరీలో మాకు నోరు తెరవడం నేర్పారు గాని మూయడం నేర్పలేదు.

కరుణ రాసిన ఉత్తరం

నేను వెళ్ళిన రెండో ఏడు, అంటే ఎనభైల చివర, సుందర్రావు అనే అబ్బాయి ఇబ్రి నుంచి నన్ను చూడ్డానికి వచ్చాడు. అక్కడ ఒక పెద్ద దుకాణంలో స్టోర్‌కీపరు. ఆఫీసు గది తలుపు వేసి, తల వంచుకుని చెప్పాడు.

"అయ్యగారూ, నాకు ఆడవాళ్ళ మీదికి మనసు పోదు. మగవాళ్ళ మీదికే పోతుంది. చాలా ఏళ్ళ నుంచీ ఇంతే."

ఇంకా ఏదో చెప్పబోయాడు. నేను చెప్పనివ్వలేదు. "పెళ్ళి కాలేదు కదా, అందుకే ఈ శోధన. పెళ్ళి చేసుకో, అన్నీ అవే సర్దుకుంటాయి" అన్నాను. రెండు నిమిషాల్లో రోగమూ మందూ రెండూ నేనే తేల్చేశాను. సంబంధం కూడా నేనే చూశాను. బాపట్లలో కరుణ అనే అమ్మాయి, టీచరు ట్రైనింగు చదివింది. మా సంఘం కార్యదర్శి దేవసహాయంగారు ఆ అమ్మాయి తండ్రికి ఎరిగినవారు. "కుర్రవాడు బుద్ధిమంతుడు, నాది పూచీ" అని ఆయన ఉత్తరం రాశారు. నేను సెలవు మీద వచ్చి పెళ్ళి జరిపించాను.

కరుణ ఇబ్రికి కాపురానికి వచ్చింది. ఏడాది దాటాక ఆమె నుంచి ఉత్తరం వచ్చింది. ఒకే పేజీ.

"అయ్యగారూ, ఆయన చెడ్డవాడు కాదు. నన్ను ఒక్క మాట అనలేదు. నన్ను చూసి ఏడుస్తాడు, అంతే. పెళ్ళికి ముందే మీతో అంతా చెప్పానని నిన్న ఒప్పుకున్నాడు. మీకు తెలిసే మమ్మల్నిద్దరినీ అక్కడ నిలబెట్టారా?"

ఆ ఉత్తరానికి నాలుగు నెలలు జవాబు రాయలేదు. రాసేసరికి ఆమె పుట్టింటికి వెళ్ళిపోయింది. తర్వాత బడిలో ఉద్యోగం తెచ్చుకుందనీ, మళ్ళీ పెళ్ళి చేసుకుని బాగానే ఉందనీ విన్నాను. అది ఆమె గట్టితనం, నా గొప్ప కాదు. సుందర్రావు ఇబ్రి వదిలి వేరే దేశం వెళ్ళిపోయాడు. నాకు మళ్ళీ ఎప్పుడూ ఉత్తరం రాయలేదు.

ఇదంతా నేనెవరికీ చెప్పలేదు. దేవసహాయంగారికి కూడా, "వాళ్ళకి పొసగలేదట" అని మాత్రమే చెప్పాను.

పేరు చెప్పని ప్రార్థన

అంత జరిగాక బుద్ధి వచ్చి ఉండాలి. రాలేదు.

తొంభైల మొదట్లో మా గాయక బృందానికి జయపాల్ నాయకుడు. రాజమండ్రి వైపు అబ్బాయి. అల్ ఖువైర్‌లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. ఇళ్ళకీ బళ్ళకీ ప్లాన్లు గీసేవాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. హార్మోనియం ముందు కూర్చుంటే నిద్రపోయేవాళ్ళు కూడా లేచేవాళ్ళు. ఒకరోజు సాయంత్రం డ్యూటీ దిగి నేరుగా నా దగ్గరికొచ్చాడు. సుందర్రావు చెప్పిందే చెప్పాడు, కాకపోతే తల వంచుకోలేదు.

"మీరేం చెయ్యక్కర్లేదండి. ఎవరో ఒకరికి తెలిసుంటే బావుంటుందనిపించిందండి. అంతే."

ఈసారి పెళ్ళి మాట ఎత్తలేదు. "ప్రార్థన చేస్తాను" అన్నాను. చేశాను కూడా, ఎక్కడ చెయ్యకూడదో అక్కడ. మంగళవారం ఉపవాస ప్రార్థనలో, ముప్ఫైమంది ముందు, "గాయక బృందంలో ఒక సహోదరుడు పురుషుల విషయంలో శోధన పడుతున్నాడు, పేరు చెప్పను, భారంతో ప్రార్థించండి" అన్నాను.

మా బృందంలో మగవాళ్ళు ఐదుగురు. అందులో నలుగురి భార్యలు అక్కడే కూర్చుని ఉన్నారు.

ఇంటికొస్తుంటే నా భార్య సువార్త దారిలో ఆగి, "ఆ అబ్బాయి పేరు మీరు చెప్పకపోతేనేం, మైకులో చెప్పినట్టే అయింది కదా" అంది. అప్పుడు గాని నాకు వెలగలేదు.

మూడో రోజు జయపాల్ రూమ్‌కి వెళ్ళాను. ఇద్దరుండే గది. రెండో మంచం మీద పరుపు లేదు.

"పేరు చెప్పలేదు, జయపాల్" అన్నాను.

"ఆయ్, చెప్పలేదండి. నా రూమ్మేటేమో నిన్న పెట్టె సర్దుకుని వెళ్ళిపోయేడండి. ఎందుకని నేనూ అడగలేదు, ఎందుకని తనూ చెప్పలేదండి." నాకు కుర్చీ జరిపి, మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. తిట్టి ఉంటే బాగుండేది.

తమ్ముళ్ళారా, మన సంఘాల్లో చాడీలకి మరో పేరు ప్రార్థన అంశం. మనిషి నమ్మి చెప్పిన మాట దేవుడి దగ్గరికి తీసుకెళ్ళడానికి ముప్ఫైమంది మీదుగా వెళ్ళక్కర్లేదు.

దేవసహాయంగారి న్యాయం

ఇక్కడ ప్రమాదమేమిటో చెప్పాలి. ఆ దేశంలో అది నేరం. జైలు, ఆ తర్వాత దేశం నుంచి పంపించేయడం. పోతే, దేవసహాయంగారు మా సంఘ కార్యదర్శే కాదు, జయపాల్ పనిచేసే కంపెనీలోనే ఆఫీసు సూపరింటెండెంటు. వీసాలు, లేబర్ కార్డులు ఆయన బల్ల మీదుగానే వెళ్ళాలి. నంద్యాల ఆయన. మొహమాటం లేని మనిషి. సైట్‌లో కాలు విరిగిన కూలీకి రావలసింది రాబట్టడానికి కంపెనీ యజమానితోనే, అక్కడి మాటలో అర్బాబ్‌తోనే, వాదించినవాడు. చెడ్డవాడని మీరనుకోకూడదు.

ఆ గురువారం ఆయన నా ఆఫీసుకొచ్చారు.

"అయ్యగారూ, శనివారం నేను జయపాల్ వీసా క్యాన్సిల్‌కు పేపర్లు పెడతా. నేను పెడితే అర్బాబ్ చదవకుండానే సంతకం చేస్తాడు. పని లేదని రాస్తా, వేరే ఏమీ రాయను. వాడు చప్పుడు లేకుండా ఇంటికి పోతాడు."

"వాడు చేసిన తప్పేమిటి దేవసహాయంగారూ?"

"తప్పు సంగతి తర్వాత. రేపు ఎవడో ఒకడు పోలీసులకు చెప్తే ఏమవుతాది? వానికి జైలు. మనకు? ఈ స్థలం ఈ దేశమోళ్ళు దయతో ఇచ్చినారు. నాలుగు భాషలోళ్ళు ఇక్కడ మొక్కుకుంటున్నారు. ఒక్కని కోసం అంతా పోగొట్టుకుందామా? ఇంటికి పంపిస్తే వానికీ మేలే."

ఆయన వాదనలో బలముంది. జేబులో లేకపోయినా కరుణ ఉత్తరం మాత్రం కళ్ళ ముందు ఆడింది. ఆ పెళ్ళీ ఒకరి మేలు కోరి చేసిన పనే.

"నాలుగు శుక్రవారాలు ఆగండి" అన్నాను. ఆ అంకె ఎందుకొచ్చిందో తెలియదు. "మా ఇంట్లో కూర్చుందాం. అతని ఎదురుగా మాట్లాడదాం. ఆ తర్వాత మీ ఇష్టం."

"నేను అడగాల్సింది అడుగుతా."

"అడగండి."

ఆయన "నాలుగంటే నాలుగే" అని లేచారు.

ఫారాలు పొయ్యిలోకి

ఎలా మొదలుపెట్టాలో నాకు తెలియదు. తెలుగువాళ్ళతో అనే ధైర్యం లేదు. పక్క గదిలో ఇంగ్లీషు సంఘం కాపరి, పీటర్ అనే పెద్దాయన ఉండేవాడు, ఐరోపా దేశస్థుడు. ఆయనతో అన్నాను. 'గే' అనే మాట తిట్టులా కాకుండా మామూలుగా పలకడం ఆయన నోటే మొదటిసారి విన్నాను. మనకి వీధిలో ఉన్నవన్నీ తిట్లు. పత్రికల్లో ఉన్నది డాక్టరు చీటీ మీద రాసేలాంటి మాట. మర్యాదగా అనడానికి ఒక్క మాట లేదు.

తమ దేశంలో సంఘాలు ఇలాంటివాళ్ళతో కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టాయనీ, తానూ ఒకదాంట్లో కూర్చున్నాననీ ఆయన చెప్పాడు.

"సమస్య తేలిందా?" అని అడిగాను.

"లేదు. కాని గదిలో లేనివాళ్ళ గురించి మాట్లాడటం మానేశాం" అన్నాడు. తానూ వస్తానన్నాడు. రహస్యం రహస్యంగా ఉంటుందని మాటిచ్చాడు.

మొదటి శుక్రవారం ఆరాధన అయ్యాక మా ఫ్లాట్‌లో భోజనాలు. జయపాల్ ఒక్కడే వస్తాడనుకున్నాను. వెంట ఇంకొకతను వచ్చాడు. పొట్టిగా, గట్టిగా, చేతుల నిండా సిమెంటు పగుళ్ళతో ఉన్నాడు. పేరు మల్లేశం, జగిత్యాల దగ్గర ఊరు, నిజ్వా సైట్‌లో మేస్త్రి. క్రైస్తవుడు కాదు.

"నాకు మీ దేవునితోని పంచాయితి లేదు సార్" అన్నాడు గుమ్మంలోనే. "మావోడు ఒక్కడే వస్తుండు అంటె వెంట వచ్చిన. మేమిద్దరం ఒక్కటే. నాలుగేండ్లాయె. దాచుడెందుకు?"

జయపాల్ గీసిన ప్లాను మీద నిజ్వాలో గోడ కట్టినవాడు మల్లేశం. కొలత ఎక్కడో తేడా వచ్చి ఇద్దరూ పోట్లాడుకున్నారట. పరిచయం అలా మొదలైంది.

భోజనాలయ్యాక పీటర్‌గారు సంచిలోంచి కాగితాలు తీశాడు. వాళ్ళ దేశంలో వాడిన ప్రశ్నల ఫారాలు. సంఘం నుంచి మీరేమి ఆశిస్తున్నారు, మీ అనుభవాన్ని ఒక పేరాలో రాయండి, ఇలాంటివి. తలా ఒకటి పంచాడు. జయపాల్ దాన్ని చూస్తూ కూర్చున్నాడు. దేవసహాయంగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. మల్లేశానికి ఇంగ్లీషు రాదు. కాగితం అటూ ఇటూ తిప్పి బల్ల మీద పెట్టేశాడు.

"ముందుగాల నాకొక్కటి చెప్పుండ్రి" అన్నాడు. "ఈడ కూసున్నోళ్ళల్ల కంపెనీకి చెప్పేది ఎవలు?"

నేను పీటర్‌గారికి తర్జుమా చెయ్యడం మానేశాను.

"నేనే" అన్నారు దేవసహాయంగారు.

మల్లేశం ఆయన్ని ఎగాదిగా చూశాడు. "మంచిది సార్. దాపరికం లేకుంట చెప్పిన్రు. గిప్పుడు మాట్లాడుకుందాం."

అసలు సంభాషణ అక్కడ మొదలైంది. ఇంత భయంకరమైన ప్రశ్నని అంత తేలిగ్గా అడగడం నేను నా జన్మలో నేర్చుకోలేదు. సువార్త ఆ ఫారాలన్నీ పోగేసి వంటింట్లోకి తీసుకెళ్ళి గ్యాస్ పొయ్యి మీద కాల్చేసింది. పీటర్‌గారు వాసన పసిగట్టి నవ్వాడు, "ఆమె చేసిందే సరైనది, ఇక్కడ కాగితం ఉండకూడదు" అన్నాడు. మంచి మనిషి. ఆయన తెచ్చిన పద్ధతి మాకు పనికిరాలేదు గాని, ఆయన కూర్చోవడం పనికొచ్చింది. మిగతా మూడు వారాలూ భాష అర్థంకాకపోయినా వచ్చి కూర్చున్నాడు.

ప్రశ్నలు

రెండో శుక్రవారం దేవసహాయంగారిది. ఆయన బైబిలు తెచ్చారు. గుర్తు పెట్టుకున్న చోట తెరిచి చదవడం మొదలుపెట్టారు. సగంలో జయపాల్ అందుకున్నాడు. మిగతా వచనం పొల్లుపోకుండా అప్పజెప్పి, దాని తర్వాతిది కూడా చెప్పాడు.

"మీరు దీన్ని నాలుగైదుసార్లు చదివుంటారండి. నేను పద్ధెనిమిదేళ్ళ నుంచీ ప్రతిరోజూ చదివేనండి. నలభై రోజులు ఉపవాసం ఉన్నానండి. ధవళేశ్వరంలో ఒక దైవసేవకుడు తల మీద సీసాడు నూనె పోసి, దయ్యం పోయిందన్నారండి. నూనె పోవడానికి వారం పట్టిందండి. ఇది పోలేదండి."

దేవసహాయంగారు బైబిలు మూయలేదు, చదవనూ లేదు. వేలు అక్కడే ఉంచి కూర్చున్నారు.

"మరి చర్చికెందుకు వస్తావు? నీ గురించి ఇట్ల రాసుంటే?" అని అడిగారు. ఎగతాళిగా కాదు. నిజంగానే తెలుసుకోవాలని.

"ఎక్కడికెళ్ళమంటారండి?" అన్నాడు జయపాల్. "మా అమ్మ ఎత్తుకుని తీసుకొచ్చిన చోటండి ఇది."

మూడో శుక్రవారం నాది. నేననుకుని రాలేదు. కూర్చున్నాక దేవసహాయంగారు, "ఒక పెండ్లి చేస్తే వాడే కుదురుకుంటాడు కదా" అన్నారు. నాలుగేళ్ళ కిందట నేనన్న మాట నాకే అప్పజెప్పినట్టయింది. లేచి బీరువాలోంచి కరుణ ఉత్తరం తెచ్చి చదివాను. చివరి వాక్యం దగ్గర కాగితం సువార్త చేతిలో పెట్టాను, తనే చదివింది.

"సుందర్రావు నాకు ముందే చెప్పాడు దేవసహాయంగారూ. నేనే అతని నోరు మూయించి పెళ్ళి చేశాను. మీ చేత పూచీ ఇప్పించాను. మీకు తెలియదు. తెలియకుండా నేనే చేశాను."

ఆయన మొహం నల్లబడింది. "ఆ పిల్ల నాయనకు నేను రాసినా" అన్నారు. "నా మాట మీద ఇచ్చినాడు ఆయన." ఒకే మాట రెండుసార్లు అన్నారు. నన్ను తిడతారనుకున్నాను. తిట్టాల్సింది కూడా. ఆయన చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

ఆ వారం నా జీవితంలో పొడుగైన వారం. శనివారం పేపర్లు పెట్టేస్తారేమోనని భయం. ఆదివారం కంపెనీకి ఫోన్ చేసి ఏదో వంకతో జయపాల్ ఉన్నాడా అని అడిగాను. పనిలోనే ఉన్నాడు. సోమవారమూ చేశాను. మంగళవారం జయపాలే, "అయ్యగారూ, నేను వెళ్ళిపోతే మీకే చెప్పి వెళ్తానండి, ఫోన్లు చెయ్యకండి, ఆపరేటరు అనుమానపడుతున్నాడండి" అన్నాడు.

నాలుగో శుక్రవారం దేవసహాయంగారు అందరికన్నా ముందొచ్చారు.

"నాకు ఇంకా తప్పనే అనిపిస్తాంది" అన్నారు జయపాల్‌తో. "అబద్ధం చెప్పలేను. కానీ తెలియకుండా ఒక ఆడపిల్ల బతుకులో చెయ్యి పెట్టినా. తెలిసి నీ బతుకులో పెట్టను. పేపర్లు పెట్టను. ఎవరన్నా అడిగితే నాకేమీ తెలియదంటా. అది కూడా అబద్ధమే అనుకో."

మల్లేశం ముఖం తిప్పుకుని కిటికీలోంచి చూశాడు.

"నీకేం కావాల?" అని అడిగారు ఆయన.

జయపాల్ ఆలోచించుకుని వచ్చినట్టున్నాడు. "ప్రభువు బల్ల దగ్గర రొట్టె పంచేటప్పుడు నన్ను దాటిపోకండి. అంతేనండి."

"మరి పాటలు నడిపించడం? జనం ఏమనుకుంటారు?" అన్నారు దేవసహాయంగారు.

"పాట ఏం జేసింది సార్ నడుమల?" అన్నాడు మల్లేశం.

అక్కడ నేను నోరు తెరిచాను. జయపాల్ నాయకుడిగానే ఉంటాడనీ, ఎవరైనా అడిగితే కాపరి నిర్ణయమని చెప్పమనీ అన్నాను. "నేను ఒప్పుకోను, అడ్డం కూడా రాను" అన్నారు దేవసహాయంగారు. అంతకన్నా ఎక్కువ ఆ రోజు కుదరలేదు. అదే చాలా ఎక్కువని ఇప్పుడనిపిస్తుంది.

బల్ల దగ్గర

ప్రభువు బల్ల సంస్కారంలో రొట్టె తర్వాత ఇచ్చే చిన్న గిన్నెల పళ్ళెం మా సంఘంలో కార్యదర్శే వరుస వరుసకీ పట్టుకెళ్తారు. మరుసటి శుక్రవారం రొట్టె నేనిచ్చాను. వెనకాల పళ్ళెంతో దేవసహాయంగారు. హార్మోనియం దగ్గరికి వచ్చేసరికి జయపాల్ చెయ్యి చాపాడు. తీయబోతే గిన్నె గిన్నెకి తగిలి చప్పుడైంది. రెండోసారీ అందలేదు. ముందు వరుసలోని ఆడవాళ్ళు తలలెత్తారు.

దేవసహాయంగారు పళ్ళెం ఎడమచేతిలోకి మార్చుకుని, తానే ఒక గిన్నె తీసి, జయపాల్ అరచేతిలో పెట్టి, తొణక్కుండా పైనుంచి తన చెయ్యి ఉంచారు. "పట్టుకో" అన్నారు మెల్లిగా. పక్క వరుసకి వెళ్ళిపోయారు.

మల్లేశం ఆఖరి వరుసలో కూర్చుని చూశాడు. బయటికొచ్చాక నన్ను పక్కకి పిలిచాడు.

"గా గిలాసల ఏముంటది సార్?"

"ద్రాక్షరసం."

"గింత బొట్టు కోసం గింత లొల్లా?"

పగలబడి నవ్వాను. తర్వాత ఆలోచిస్తే అతనడిగింది మంచి ప్రశ్నే.

ఆ తర్వాత

ఇద్దరు ముగ్గురు మా సంఘం మానేసి వేరే కూడికకి వెళ్ళారు. జయపాల్ రూమ్మేట్ తిరిగి రాలేదు. కొన్నాళ్ళు ఎవరూ కారెక్కించుకోక జయపాల్ ఎండలో నడిచేవాడు. ఇవన్నీ జరిగాయి. కాని మేము భయపడ్డదేదీ జరగలేదు. పోలీసులు రాలేదు. ప్రాంగణం ఎక్కడికీ పోలేదు. మలయాళీలు ఏడింటికే మొదలుపెట్టారు.

ఆరునెలల తర్వాత ఒక మధ్యాహ్నం దేవసహాయంగారు భోజన విరామంలో నా ఆఫీసుకొచ్చి కుర్చీలో కూలబడ్డారు. మంచినీళ్ళడిగి తాగారు.

"జయపాల్ లేబర్ కార్డు రెన్యూ అయింది. రెండేండ్లకు. పేపర్ నేనే పెట్టినా" అన్నారు. గ్లాసు బల్ల మీద పెట్టి, "నాకు ఇప్పటికీ అర్థం కాలేదు అయ్యగారూ. వాని మొహం మాత్రం చూడగలుగుతున్నా" అన్నారు.

నా నమ్మకం మారిందా అని కుర్ర కాపరులు అడుగుతారు. ఆ వచనాల్ని ఇప్పుడు నేను అప్పట్లా చదవను. అలా మారడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది, పుస్తకాల వల్ల కాదు. కాని మీరు మారినా మారకపోయినా కొన్ని పనులు మానవచ్చు. ఎవరి పెళ్ళినీ మందుచీటీగా రాయకండి. మీకు చెప్పిన మాట మీ దగ్గరే ఉంచుకోండి. మనిషి గురించి నిర్ణయం తీసుకునే ముందు అతన్ని భోజనానికి పిలవండి. మీకు ఎదురు చెప్పే పెద్దమనిషిని కూడా అదే బల్ల దగ్గర కూర్చోబెట్టండి. దేవసహాయంగారు లేకుండా ఆ నాలుగు వారాలూ జరిగి ఉంటే, మేమంతా ఒకరినొకరు ఓదార్చుకుని లేచేవాళ్ళం, శనివారం పేపర్లు వెళ్ళిపోయేవి.

జయపాల్, మల్లేశం తొంభైల చివర ఒకే నెలలో పని ముగించుకుని తిరిగొచ్చారు. జగిత్యాల దగ్గర మల్లేశం ఊళ్ళో చిన్న ఇల్లు కట్టుకున్నారు. ప్లాను ఒకరిది, గోడలు ఒకరివి. ఊళ్ళోవాళ్ళకి జయపాల్ 'మస్కటు సారు', పిల్లలకి పాటలు నేర్పుతాడు. ఎవరేమనుకున్నా మల్లేశం మొహం మీద అనేవాడు ఆ ఊళ్ళో లేడు.

నేను పని మానుకుని వచ్చిన ఏడు సువార్తా నేనూ వాళ్ళింటికి వెళ్ళాం. కాళ్ళు కడుక్కోకముందే మల్లేశం గోడలన్నీ తట్టి చూపించాడు. వంటింట్లోకి వచ్చేసరికి జయపాల్ ఆగిపోయాడు.

"ఈ కిటికీ చూడండి అయ్యగారూ. నేను తూర్పుకి గీసేనండి. ఈయన ఉత్తరానికి పెట్టేడండి. పొద్దున్నే వంటింట్లో చీకటండి."

"తూర్పుకు పెడితె పక్కింటోని గోడ అడ్డమాయె సార్! కాయిదం మీద గోడ కనవడదు గద!"

"కొలత తీసుకుని గియ్యలేదేంటి నేను?"

"నువ్వెన్నడు సక్కగ కొలిచినవ్?"

ఈ గొడవ తేలేది కాదని సువార్తకి అర్థమైంది. వాళ్ళిద్దరినీ అలాగే వదిలేసి, కూర చల్లారిపోతుందని తనే కంచాలు పెట్టేసింది.